తిమింగలం వెన్న

మాచర్ల స్టేషను బయట అబ్దుల్ రహీమ్ టీ బంకు ముందు ఒక బల్ల ఉండేది. దానిమీద కూర్చున్నవాడు ఎవడైనా సరే, గుక్కెడు టీ లోపలికి పోగానే ఉన్నదానికి రెండింతలు చెప్పేవాడు. జక్కయ్య మాత్రం టీ రాకముందే మొదలుపెట్టేవాడు.

యుద్ధం ముగిసి ఏడాదైంది. యుద్ధకాలమంతా జక్కయ్య విశాఖపట్నం రేవులో పనిచేసి వచ్చాడు. ఏం పనిచేశాడన్నదానికి రెండు జవాబులున్నాయి. బల్ల మీద చెప్పే జవాబు ప్రకారం అతను డైవరు. ఇత్తడి టోపీ తలకు బిగించుకుని, సీసపు బూట్లు తొడుక్కుని, సముద్రం అడుగున మునిగిన ఓడల్లో తిరిగినవాడు. జరిగింది వేరు. ఆ డైవరు కింద తిరుగుతున్నంతసేపూ పైన పడవలో నిలబడి, అతనికి రబ్బరు గొట్టంలోంచి ఊపిరి పంపే పంపు చక్రం తిప్పినవాడు జక్కయ్య. యుద్ధం మొత్తంలో అతను మునిగింది ఒక్క చెమటలోనే.

ఈ సంగతి మాచర్లలో ఒక్కడికే తెలుసు. ఆ ఒక్కడూ జక్కయ్యే. ఊరికొచ్చిన మొదటిరోజు, పాపం, నిజమే చెప్పాడు. "గాలి పంపు తిప్పేవాణ్ణి" అన్నాడు. విన్నవాళ్లు "ఓహో" అని, ఆ మాట అక్కడే మరిచిపోయి, మిరపకాయల ధర మాట్లాడుకున్నారు. మర్నాడు "డైవర్ని" అన్నాడు. రహీమ్ గ్లాసు అంచుదాకా పోసి ఇచ్చాడు. అప్పట్నించీ జక్కయ్య నాలుక ముందు పరిగెడుతోంది, జక్కయ్య వెనక రొప్పుతూ పోతున్నాడు. అది ఏ గోతిలో పడబోతోందో అతనికి కనిపిస్తూనే ఉంటుంది. ఆపుదామంటే కళ్లెం ఎక్కడ పెట్టాడో గుర్తురాదు.

ఆ సాయంత్రం గుంటూరు బండి ఇంకా రాలేదు. నాపరాళ్ల క్వారీ నడిపే వీరరాఘవమ్మ మద్రాసు నుంచి ఏదో సామాను తెస్తోందని, దాన్ని మొయ్యడానికి ఆదెయ్య ఎద్దుల బండి కట్టుకొచ్చి స్టేషను ముందు విప్పాడు. ఎద్దులకు గడ్డి వేసి బల్ల మీద కూలబడ్డాడు. వినేవాడు దొరికాడు, ఇంకేం కావాలి?

"పెద్ద పనేం కాదులే" అని మొదలెట్టాడు జక్కయ్య. అతని కోతలన్నీ ఇంత వినయంగానే పుట్టేవి. "దొరగారి ఉంగరం జారి నీళ్లలో పడింది. దిగా, తెచ్చా, ఇచ్చా. అంతే."

"సముద్రంలో ఉంగరం దొరికిందా?" అన్నాడు రహీమ్, కుంపటి విసురుతూ.

"దొరకడానికి అది యాడికి పోద్ది? ఒక పాము చేప మెడకు పట్టీలాగా తొడుక్కుని ఊరేగతా ఉంది. దాని మెళ్లోంచి తీస్తుంటే నా వంక ఒక చూపు చూసింది చూడూ, పుట్టింటి సొమ్ము లాక్కున్నట్టు! మనసుకు కష్టమైందనుకో. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పక్కనే మునిగిన ఓడ. సరే వచ్చాం గదా అని లోపలికి పోయా. భోజనాల బల్ల వేసినట్టే ఉంది. గోడకు గడియారం. ఆగిపోతా ఉంది. కీ ఇచ్చొచ్చా."

"నీళ్లలో గడియారానికి కీ ఎందుకురా?" అన్నాడు ఆదెయ్య.

"చేపలకు టైము తెలియొద్దూ?"

ఇలా చెబుతున్నప్పుడు జక్కయ్య కుడిచెయ్యి ఊరికే ఉండేది కాదు. గాల్లో గుండ్రంగా తిరుగుతూ ఉండేది. పెద్ద కోత కోసేటప్పుడు పెద్ద సున్నా, చిన్న కోతకు చిన్న సున్నా. ఎవరైనా అడ్డం వస్తే ఆగేది. ఆ చేతి సంగతి జక్కయ్యకు తెలియదు. నాలుకను కాచుకోవడానికే అతనికి తీరిక చాలేది కాదు.

"అంతా బానే ఉంది గాని జక్కా, అంత లోతున గాలెట్టా?" అన్నాడు రహీమ్.

"పైన పంపు, కింద టోపీ, మధ్యన గొట్టం. టోపీకి వాల్వు ఉంటది. గాలిని లోపలికి రానిస్తది, వెనక్కి పోనియ్యదు. దాంట్లో ఒక తోలు వాషరు, పంపులో ఇంకో తోలు వాషరు. తోలు ఎండిపోయి గాలి రాలేదనుకో, కిందున్నోడి కథ కంచికే."

"అమ్మో! మరి ఎన్నాళ్లకోసారి బాగుచేస్తారు?"

"దాన్ని సర్వీసంటారు. ఏడాదికోసారి చెయ్యాలని దొరలు రూలు పెట్టారు. పిరికోళ్లు గదా! నేనా? ఐదేళ్లకోసారి."

"నువ్వక్కడున్నదే ఐదేళ్లు లేదు గదరా!" అన్నాడు ఆదెయ్య.

"అందుకే అసలు చెయ్యలే."

అప్పుడు కూత వినిపించింది. బండి వచ్చి ఆగింది. కాసేపటికి వీరరాఘవమ్మ స్టేషన్లోంచి బయటికొచ్చింది. ఆమె వెనక ఇద్దరు కూలీలు ఒక చెక్కపెట్టెను శవాన్ని మోసినట్టు మెల్లగా మోసుకొస్తున్నారు. ముందు నడుస్తూ "పదిలం, పదిలం" అంటున్నవాడు యోహాను. కారంపూడి నుంచి గురజాల దాకా ఎవరి బావిలో ఏం పడినా, బిందె గానీ దూడ గానీ, దిగి తీసేవాడు అతనే.

వీరరాఘవమ్మ మొగుడు పోయాక క్వారీ తనే చూసుకుంటోంది. నిరుడు వానాకాలం రాత్రికి రాత్రి గుంటలోకి నీళ్లొచ్చి, నీళ్లు తోడే ఆయిలు ఇంజనే నీళ్లలో మునిగింది. ఇంజను లేందే నీళ్లు తోడలేరు, నీళ్లు తోడందే ఇంజను రాదు. గొలుసు కట్టి ఎద్దులతో లాగించాలి. కానీ అది అడుగు బురదలో దిగబడిపోయింది. యోహాను ఎన్నిసార్లు మునిగినా, బురద తవ్వి గొలుసు చుట్టేలోగా ఊపిరి అయిపోతోంది. పని లేక క్వారీ కూలీలు సగం మంది పొట్ట చేతబట్టుకుని ఊళ్లమీదికి పోయారు.

ఆమె నేరుగా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది.

"ఒరేయ్ జక్కా, ఇక్కడే ఉన్నావా? మంచిదైంది. ఇదిగో, నీకోసమే తెచ్చా."

పెట్టె మూత లేచింది. జక్కయ్య తొంగిచూశాడు. లోపలినుంచి ఇత్తడి టోపీ ఒకటి గుండ్రటి గాజు కన్నుతో అతన్ని చూసింది. ఇద్దరూ ఒకర్నొకరు గుర్తుపట్టారు. దాని కింద రబ్బరు బట్టలు, సీసపు బూట్లు, చుట్టచుట్టిన గొట్టం. పక్కన, ఇనప చక్రంతో, గాలి పంపు.

"మద్రాసులో మిలిటరీ సరుకు వేలం వేస్తుంటే పట్టుకొచ్చా. ఏడాది నుంచి ఈ బంకు దగ్గర నీ మాటలు వింటన్నా గదా, మన ఊళ్లోనే డైవరుంటే ఆ ఇంజను బురదలో ఎందుకుండాల అనుకున్నా. రేపు పొద్దున్నే దిగు."

మాటలు గాల్లో కలిసిపోతాయనుకున్నాడు జక్కయ్య. మద్రాసు పోయి, పెట్టెలో కూర్చుని, రైలెక్కి తిరిగొస్తాయనుకోలేదు. ఆ టోపీ పెట్టుకుని ఆ గుంటలో దిగితే ఏమవుతుందో అతనికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఎన్ని సాయంత్రాలు చూశాడు, పైకొచ్చిన డైవర్ల మొహాలు! రాటుదేలినవాళ్లే నీలంగా వచ్చేవాళ్లు. తనకేమో నీళ్లతో చుట్టరికం కాళ్లు కడుక్కోవడం దాకానే. దిగితే ప్రాణం పోతుంది. దిగనంటే బల్ల మీద చోటు పోతుంది. ఈ రెంటిలో ఏది పెద్ద నష్టమో అతనికి వెంటనే తేలలేదంటే, చూడండి ఆ బల్ల ఎంత చెడ్డదో!

"దిగుతా అత్తా, దిగకేం" అంది నాలుక. "కానీ సర్వీసు కాలేదు గదా?"

"ఏంది కానిది?"

"సర్వీసు. ఏ గోడౌన్లో ఎన్నాళ్లు పడుందో ఏమో. వాల్వుకు సర్వీసు లేకుండా దిగితే ప్రాణానికి డోకా. నెలకోసారి చెయ్యాలి."

"ఇందాక ఐదేళ్లకోసారన్నావు?" అన్నాడు ఆదెయ్య.

జక్కయ్య అతనివంక జాలిగా చూశాడు. "అది ఉప్పునీళ్లలో, ఆదెయ్యా! మీ ఇంట్లో మాగాయ ఉప్పులో ఊరితే ఏడాది నిలవుంటదా లేదా? తడి తగిలితే బూజు పడద్దా లేదా? వాల్వూ అంతే. సముద్రంలో ఊరతది. మంచినీళ్లలో బూజు పడద్ది."

మాగాయ మాట ఎత్తాక ఎదురు చెప్పడం ఎవరివల్లా కాదు.

"సరే, నెలకోసారే చేద్దాం. రేపే చెయ్యి" అంది వీరరాఘవమ్మ.

"నెలకోసారంటే బావుల్లో అత్తా. క్వారీ గుంటకు రోజూ చెయ్యాలి. సున్నపురాయి గదా, ఆ నీళ్లు తోలును తింటయ్."

"రోజూ చేద్దాం. పోయేదేముంది?"

"రోజూ అంటే… పొద్దున్నే ఒకసారి, మజ్జిగన్నం తిన్నాక ఒకసారి…" ఆమె తల ఊపుతూనే ఉంది. జక్కయ్యకు చెమట పట్టింది. "లోపలికి దిగాక ఊపిరి ఊపిరికీ ఒకసారి. గాలి పీల్చాల, వాల్వు విప్పాల, తుడవాల, బిగించాల, అప్పుడు వదలాల!"

"మరి గొలుసెప్పుడు కడతావు?" అన్నాడు యోహాను. అంతసేపూ అతను పంపు పక్కన గొంతుక్కూర్చుని దాన్నే చూస్తున్నాడు.

"అదే గదా నేననేది! వీలుకాదు."

కానీ జక్కయ్య నోరు ఒక దారిన పోతుంటే చేతులు ఇంకో దారి పట్టాయి. దూరంగా బతికొచ్చిన మనిషి ఇంటి ఆవును చూసినట్టు అవి ఆ పంపును చూశాయి. మూత మరలు వేళ్లతోనే విప్పాయి. లోపలి తోలు వాషరును బయటికి తీసి, మడిచి, గోటితో గీరి చూశాయి. అప్పడంలా ఎండిపోయింది. "ఆముదం ఉందా ఆదెయ్యా?" అన్నాడు, తను అన్నానని తెలియకుండానే. బండి ఇరుసుకు పెట్టడానికి దాచుకున్న ఆముదం సీసా ఆదెయ్య తెచ్చిచ్చాడు.

"ఆముదంతో సర్వీసు అయిపోతదా?" అంది వీరరాఘవమ్మ.

"అట్టా ఎట్టా అయిద్దత్తా?" అన్నాడు జక్కయ్య, వాషరుకు ఆముదం పట్టించి బొటనవేలితో మెత్తగా రుద్దుతూ. "దీనికి తిమింగలం కొవ్వు కావాల. అదైనా వెన్న. తిమింగలం వెన్న! మాచర్లలో యాడ దొరుకుద్ది? దొరకదు. అందుకే దిగడం కుదరదంటన్నా."

"తిమింగలానికి వెన్నేందిరా?"

హమ్మయ్య అనుకున్నాడు జక్కయ్య. ప్రశ్న వచ్చిందంటే కథ పుట్టినట్టే. కథ పుట్టిందంటే రేపటి పొద్దు కొంచెం దూరం జరిగినట్టే. వాషరు దాని చోట్లో కూర్చుంది, మూత బిగిసింది. చెయ్యి గాల్లో సున్నా చుట్టడానికి లేవబోయింది.

"ఆ చెయ్యి ఊరికే గాల్లో ఎందుకు, దానిమీద పెట్టు" అంది వీరరాఘవమ్మ.

పెట్టాడు. యోహాను గొట్టం ఒక కొస పంపుకు తగిలించి, రెండో కొస చేత్తో పట్టుకుని, గాలి వస్తుందో లేదో చూడ్డానికి రహీమ్ కుంపటి దగ్గరికి పోయి కూర్చున్నాడు.

"ఒకరోజు ఏమైందో తెలుసా? అడుగున ఉండగా వాల్వు బిగుసుకుపోయింది. వాషరు ఎండింది. పైకి రావాలంటే గంట పట్టుద్ది. ఏం చెయ్యాల? చూద్దును గదా, ఎదురుగా తిమింగలం. మన బర్రెలాంటిదేలే, కొమ్ములుండవంతే. ఈనిన తిమింగలం. పక్కనే దూడ."

చక్రం కిర్రుమని కదిలింది. కుంపట్లో బొగ్గులు కళ్లు తెరిచాయి.

"దూడను కాసేపు తాగనిచ్చి, పక్కకు లాగి కట్టేశా."

"దేనికి కట్టేశావురా?" అన్నాడు ఆదెయ్య.

చక్రం ఆగింది. బొగ్గులు నల్లబడ్డాయి. "ఓడ లంగరుకు" అన్నాడు జక్కయ్య, మళ్లీ చక్రం తిరిగింది. "కూర్చుని పితికా. పొదుగా అది? కొండవీటి కొండ బోర్లించినట్టుంది!"

"పితకడానికి గిన్నె?"

"నా టోపీ."

"టోపీ తీస్తే నీళ్లలో చావవా?"

"ఊపిరి బిగబట్టా. ఈ కథ మొత్తంలో కష్టమైంది అదొక్కటే."

వీరరాఘవమ్మ నవ్వలేదు. ఆమె చూపు జక్కయ్య మొహం మీద లేదు. అతని చేతిమీద ఉంది. యోహాను చూపు కుంపటి మీద ఉంది. కోత పెరిగేకొద్దీ నిప్పు ఎర్రబడుతోంది.

"పాలంటే సరే" అన్నాడు రహీమ్, వృత్తి మనిషి గనక. "తోడు? తోడు లేందే పెరుగెట్టా అయిద్ది?"

"మా అమ్మ ఊరినుంచి పంపేటప్పుడే తోడు చుక్క డబ్బాలో వేసి కట్టిచ్చింది. కొడుకు ఎక్కడ ఎట్టా ఉంటాడోనని. డబ్బా తీశా, తోడేశా, కూర్చున్నా. పెరుగైంది. ఇంక చిలకాల. కవ్వం? ఆ తర్వాత ఏమైందో తెలుసా? మునిగిన ఓడకు వెనక ఇనప రెక్కల చక్రం ఉంటది చూడూ, దాన్ని రెండు చేతులా పట్టుకుని తిప్పా. తిప్పా, తిప్పా! సముద్రమంతా నురగ! చేపలు నెత్తిన వెన్న ముద్దలు పెట్టుకుని పారిపోతన్నయ్! దొరలు పైనుంచి చూసి జపానోడి బాంబు పడిందని ఒడ్డుకు పరిగెత్తారు! విశాఖపట్నంలో అలలు ఎందుకొస్తన్నయ్ అనుకుంటున్నారు మీరు? దేవుడు పెట్టాడనా? నేను చిలికిన చిలుకుడు, ఇంకా ఆగలే!"

పంపు గుర్రంలా సకిలించింది. గొట్టంలోంచి వచ్చిన గాలికి కుంపటి భగ్గుమంది. నిప్పురవ్వలు రహీమ్ గడ్డం దాకా లేచాయి. గిన్నెలో టీ పొంగి, పొర్లి, పొయ్యి చుట్టూ పారింది. ఆదెయ్య ఎద్దులు పలుపులు తెంపుకోబోయాయి.

"చానా బాగుంది" అంది వీరరాఘవమ్మ. "ఒక్క ముక్క అడుగుతా, చెప్పు. నువ్వు కిందుండి వెన్న చిలికావు. అంతసేపూ పైన పంపు తిప్పిందెవరు?"

జక్కయ్య నోరు తెరిచాడు.

ఎంత చిన్న ప్రశ్న! పడవలో ఎవడో ఒకణ్ణి కూర్చోబెడితే సరిపోయేది. ఒక పేరు పెడితే చాలు, పేరుకు కరువా? పాము చేపకు పట్టీ తొడిగినవాడికి, తిమింగలానికి దూడను పుట్టించినవాడికి అదొక లెక్కా? కానీ అన్ని కోతలకూ పరిగెత్తిన నాలుక అక్కడ మొండికేసింది. ఆ చక్రం దగ్గర ఇంకొకణ్ణి నిలబెట్టడానికి దానికి మనసు రాలేదు.

ఆమె గడ్డంతో చూపించిన వైపు చూసుకున్నాడు. తన చెయ్యి. చక్రం మీద. అరిగిన పిడిని ఎక్కడ పట్టుకోవాలో అక్కడే పట్టుకుని ఉంది.

"ఏడాది నుంచి చూస్తన్నా" అంది ఆమె. "నోరు నీళ్లలో ఉంటది, చెయ్యి పడవలో ఉంటది. ఈ రెంటిలో ఏది అబద్ధమాడతందో తెలుసుకుందామనే పెట్టె ఇక్కడే విప్పించా."

ఆదెయ్య నవ్వడం మొదలుపెట్టాడు. రహీమ్ టీ పోయిన బాధలో నవ్వలేకపోయాడు గాని, బల్ల మీద జక్కయ్య పక్కనున్న గ్లాసు తీసి లోపల పెట్టేశాడు. జక్కయ్య ఆ గ్లాసు పోయిన వైపే చూశాడు.

"నవ్వు ఆదెయ్యా, నవ్వు" అన్నాడు. "నేనైనా నవ్వేవాణ్ణే. స్నానానికి కూడా చెంబుతోనే పోసుకుంటా, బిందె అంటే నాకు లోతు." ఆ మాటకు చక్రం ఒక చుట్టు తిరిగింది.

యోహాను మాత్రం నవ్వలేదు. గొట్టం కొస ఇంకా చేతిలోనే ఉంది.

"ఆ గుంటలో నేను దిగుతా" అన్నాడు. "ఎటూ దిగేవాణ్ణే గదా. జక్కన్నా, ఒట్టేసి చెప్పు. నువ్వు తిప్పుతుంటే కిందున్నోడు ఎవడన్నా పోయాడా?"

"పోలే" అన్నాడు జక్కయ్య. "ఒక్కడూ పోలే."

"మరి ఈ సర్వీసు నిజంగా ఎన్నాళ్లకోసారి చెయ్యాల?"

"ఏడాదికోసారి మొత్తం విప్పి చూడాలంటారు. అది దొరల మాట. నేను మటుకు మనిషి దిగబోయే ముందు ప్రతిసారీ తోలు వేలితో చూసేవాణ్ణి. ఎండితే దింపనిచ్చేవాణ్ణి కాదు. దొరలు తిట్టేవాళ్లు. తిట్టనీ."

అంత చప్పగా, అంత పొట్టిగా జక్కయ్య మాట్లాడగా ఆ బల్ల ఎన్నడూ వినలేదు. వీరరాఘవమ్మ పంపు వంక చూసి, యోహాను వంక చూసి, సరేనన్నట్టు తలూపింది. ఆదెయ్య నవ్వు ఆపి, ఆముదం సీసాకు బిరడా పెట్టి పంపు పక్కనే ఉంచాడు. రహీమ్ గ్లాసు మళ్లీ తెచ్చి బల్ల మీద పెట్టి, పొయ్యి వంక చూసి మొహం చిట్లించాడు.

"ఏందిది, నిప్పు ఆరిపోతాంది?"

అప్పుడు అందరూ చూశారు. బొగ్గులు బూడిద కప్పుకుని పడుకున్నాయి. జక్కయ్య చెయ్యి చక్రం మీదే ఉంది గాని, "పోలే" అన్న దగ్గర్నుంచీ ఒక్క చుట్టు తిరగలేదు.

యోహాను లేచొచ్చి గొట్టం కొస జక్కయ్య ఒళ్లో పెట్టాడు.

"చూడు జక్కన్నా, రేపు నేను కిందున్నంతసేపూ ఆ తిమింగలాన్ని చిలుకుతానే ఉండు. చాలకపోతే ఏనుగును పితుకు. ఆదెయ్య అడ్డమొస్తే తన్ను. అంతేగాని, నీకు పుణ్యముంటది, ఒక్క నిజం కూడా చెప్పబాక. చెప్పావో, నేను చచ్చినట్టే."